ఎడిటర్ తనంతట తాను తయారుచేసే డాక్యుమెంటేషన్‌ను మెరుగుపరచడం ఎలా

టెక్స్ట్ ఎడిటర్లలో మనం చదివే డాక్యుమెంటేషన్‌లో చాలా భాగాన్ని ఎవరూ కూర్చుని వాక్యం వాక్యంగా రాయలేదు. ఫంక్షన్ పేరు, దాని ఆర్గ్యుమెంట్లు, సెట్టింగ్‌కు ఉన్న డీఫాల్ట్ విలువ, ఏ కీ నొక్కితే ఏ కమాండ్ నడుస్తుందనే సమాచారం, ఇవన్నీ కోడ్‌లోనే ఉంటాయి కనుక ప్రోగ్రామే వాటిని ఏరి, ముందుగా సిద్ధం చేసి ఉంచిన వాక్యాల్లో ఇమిడ్చి హెల్ప్ విండోలో చూపిస్తుంది. ఈమ్యాక్స్‌లో మైనర్ మోడ్‌ను (అదనంగా ఆన్, ఆఫ్ చేసుకునే ఫీచర్‌ను) నిర్వచించే మాక్రో (కోడ్‌ను తయారుచేసే కోడ్), వీఎస్ కోడ్‌లో ఎక్స్‌టెన్షన్ల సెట్టింగుల పేజీ, నియోవిమ్‌లో ఏపీఐ హెల్ప్ ఫైళ్లు ఈ పద్ధతిలోనే నడుస్తాయి. ఇలా వచ్చిన పాఠంలో అబద్ధాలు అరుదు. అయినా అది చాలాసార్లు చదివినవారికి అక్కరకు రాదు. "ఫలానా మోడ్‌ను ఆన్ లేదా ఆఫ్ చేస్తుంది" అన్న వాక్యం అక్షరాలా నిజమే గానీ, ఆ మోడ్ ఆన్ చేస్తే తన తెర మీద ఏం మారుతుందో తెలుసుకుందామని వచ్చిన మనిషి ఆ వాక్యం చదివాక కూడా మొదలుపెట్టిన చోటే ఉంటాడు.

మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో తమ బృందం అవసరం కోసం ఎడిటర్ ప్లగిన్ రాసుకునే ఇంజినీర్లను, ప్రాజెక్టు పనిగా ఎక్స్‌టెన్షన్ రాసే విద్యార్థులను, స్వేచ్ఛ వంటి సంస్థల ద్వారా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు చేయి అందించే కార్యకర్తలను దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. అమీర్‌పేటలో కోర్సు ముగించుకుని కొత్తగా ఉద్యోగంలో చేరినవారికీ, ఏళ్ల తరబడి ఈమ్యాక్స్ వాడుతున్నవారికీ హైదరాబాదు ఆఫీసులో చదవడానికి దొరికేది ఒకటే హెల్ప్ విండో. అనుభవం ఉన్నవారు అందులో లేని మాటను సోర్స్ కోడ్ తెరిచి పూరించుకుంటారు. కొత్తవారు ఆ ఫీచర్‌ను వదిలేసి ముందుకు పోతారు, వదిలేశారన్న సంగతి కూడా ప్లగిన్ రాసినవారికి తెలియదు. అందువల్ల ఈ పని కొత్తవారి కోసం చేయవలసిన పని అని నా నమ్మకం.

పని పద్ధతి ఒక్క నియమం మీద ఆధారపడి ఉంది. కోడ్ నుంచి నిర్ధారించగలిగిన ప్రతి విషయాన్నీ యంత్రానికే వదిలివేయాలి, ఎందుకంటే కోడ్ మారినప్పుడు అది తనంతట తాను మారుతుంది. కోడ్‌లో లేని విషయాలను, అంటే ఈ ఫీచర్ ఎందుకు ఉంది, ఎప్పుడు వాడాలి, వాడితే ఏది మారుతుంది, ఏది మారదు అన్నవాటిని మనిషి రాయాలి. ఈ రెండూ ఒకదాని మీద ఒకటి పడకుండా, ఒకదానికొకటి అడ్డు రాకుండా అమర్చడమే అసలు నైపుణ్యం.

ముందుగా వాడుకరి చదివే చోటే చదవండి

దిద్దుబాటును సోర్స్ ఫైల్ తెరిచి మొదలుపెట్టవద్దు. వాడుకరి ఏ తెర మీద చదువుతారో ఆ తెర మీదే ముందు చదవండి. ఈమ్యాక్స్‌లో కంట్రోల్-హెచ్ తరువాత ఎఫ్ నొక్కితే ఫంక్షన్ వివరణ, వి నొక్కితే వేరియబుల్ వివరణ, కె నొక్కి ఏదైనా కీ నొక్కితే ఆ కీ నడిపే కమాండ్ వివరణ, ఎం నొక్కితే ప్రస్తుత బఫర్‌లో (అంటే తెరిచి ఉన్న పాఠంలో) నడుస్తున్న మోడ్‌లన్నిటి వివరణ వస్తాయి. వీఎస్ కోడ్‌లో సెట్టింగుల పేజీలో మీ ఎక్స్‌టెన్షన్ విభాగాన్ని తెరవండి.

చదువుతున్నప్పుడు ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఇది ఎక్కడి నుంచి వచ్చిందని గుర్తుపెట్టుకోండి. కొన్ని వాక్యాలు డాక్‌స్ట్రింగ్ (కోడ్‌లోనే నిర్వచనంతో పాటు రాసే వివరణ) నుంచి, కొన్ని మాక్రోలోని మూస నుంచి, మరికొన్ని చదివే సమయంలో ఎడిటర్ లెక్కగట్టి చేర్చినవి అయి ఉంటాయి. ఈమ్యాక్స్‌లో ఫంక్షన్ వివరణ అడుగున, ఇది బహుశా ఫలానా వెర్షన్‌లో గానీ అంతకు ముందు గానీ వచ్చి ఉంటుందనే వాక్యం కొన్నిసార్లు కనిపిస్తుంది. పాత విడుదలల నోట్సులో ఆ పేరును వెతికి ఎడిటర్ చేర్చిన ఊహ అది. "బహుశా" అన్న మాటను ఉంచడం సరైన పని, ఎందుకంటే ఊహను ఊహగా చెప్పిన యంత్ర వాక్యాన్ని నమ్మవచ్చు. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోతే మాత్రం లేని డాక్‌స్ట్రింగ్‌లో దాన్ని వెతుకుతూ కాలం పోతుంది.

మొదటి పంక్తిని విడిగా పరిశీలించాలి, అది ఒక్కతే ఎన్నో చోట్ల కనిపిస్తుంది. అప్రోపోస్ కమాండ్‌తో వెతికినప్పుడు జాబితాలో చూపేది ఆ పంక్తినే. ఈమ్యాక్స్ 28లో వచ్చిన కంప్లీషన్స్-డీటెయిల్డ్ ఆప్షన్‌ను ఆన్ చేసుకున్నవారికి, పేరు పూరించే సమయంలో పక్కన కనిపించేదీ అదే. కనుక మొదటి పంక్తి మిగతా పాఠం సహాయం లేకుండా తనంతట తాను అర్థమయ్యే పూర్తి వాక్యంగా ఉండాలి. వాక్యాన్ని సగంలో విరిచి రెండో పంక్తికి తీసుకుపోతే, జాబితాలో ఆ సగమే మిగులుతుంది.

ఒక మైనర్ మోడ్‌తో అభ్యాసం

ఉదాహరణకు ఒక చిన్న మోడ్‌ను ఊహించుకుందాం. తెలుగులో "సాఫ్ట్‌వేర్" అన్న పదాన్ని పొల్లు విడిగా కనిపించేలా రాయడానికి మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని సంకేతం చేరుస్తాం. ఒక ఫైలులో కొన్ని చోట్ల ఈ సంకేతం ఉండి, కొన్ని చోట్ల లేకపోతే, మామూలుగా వెతికినప్పుడు సగం పదాలు దొరకవు. ఆ సంకేతాన్ని సన్నని నిలువు గీతగా చూపించే మోడ్ ఒకటి మన దగ్గర ఉందనుకోండి, దాని పేరు అదృశ్య-సంకేత-మోడ్ అనుకోండి. ఇటువంటి పని చేసే గ్లిఫ్‌లెస్-డిస్‌ప్లే-మోడ్ ఈమ్యాక్స్ 29లోనే ఉంది, కాబట్టి మన మోడ్ అభ్యాసం కోసం మాత్రమే.

ఈ మోడ్‌ను డిఫైన్-మైనర్-మోడ్ మాక్రోతో నిర్వచించి, డాక్‌స్ట్రింగ్ ఇవ్వకుండా వదిలేస్తే మాక్రో తానే ఒకటి తయారుచేస్తుంది. మొదటి పంక్తిలో, అదృశ్య-సంకేత-మోడ్‌ను ఆన్ లేదా ఆఫ్ చేస్తుందని ఉంటుంది. ఆ తరువాత, ఇది మైనర్ మోడ్ అనీ, వాడుకరి నేరుగా పిలిస్తే స్థితి మారుతుందనీ, ప్రిఫిక్స్ ఆర్గ్యుమెంట్ (కమాండ్‌కు ముందు ఇచ్చే సంఖ్య) ధన సంఖ్య అయితే ఆన్, సున్నా లేదా రుణ సంఖ్య అయితే ఆఫ్ అవుతుందనీ, లిస్ప్ (ఈమ్యాక్స్ కోడ్ భాష) నుంచి ఆర్గ్యుమెంట్ లేకుండా పిలిస్తే ఆన్ అవుతుందనీ, మోడ్ ఆన్ లేదా ఆఫ్ అయిన ప్రతిసారీ దాని హుక్ (ఆ సమయంలో నడపాలని జతచేసిన ఫంక్షన్ల జాబితా) నడుస్తుందనీ ఒక పెద్ద పేరా వస్తుంది. ఇందులో ఒక్క వాక్యం కూడా తప్పు కాదు, కానీ నిలువు గీత గురించి ఒక్క మాటా లేదు.

ఈ మూస పేరా మీద విసుగుతో దాన్ని పూర్తిగా తీసివేయాలని చాలామందికి అనిపిస్తుంది. ఆ పని చేయవద్దని నా సలహా. తన ఇనిట్ ఫైలులో (ఎడిటర్ మొదలైనప్పుడు చదివే ఫైలులో) ఏదో ఒక హుక్‌కు ఈ మోడ్‌ను తగిలించే వ్యక్తికి, ఆర్గ్యుమెంట్ లేకుండా పిలిస్తే మోడ్ ఆన్ అవుతుందా, స్థితి తలకిందులవుతుందా అన్నది ముఖ్యమైన ప్రశ్న. ఈమ్యాక్స్ 24కు ముందు అలా పిలిస్తే స్థితి మారేది, ఆ వెర్షన్ నుంచి ఆన్ అవుతుంది. పాత అలవాటు ఉన్నవారికి ఆ పేరాయే ఆధారం. కాబట్టి దానికి తగిన స్థానం చూపించాలి, ఆ స్థానం మనం రాసే మాటల తరువాత.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. ఈమ్యాక్స్ 27 నుంచి, మీరు సొంత డాక్‌స్ట్రింగ్ రాసినా సరే, అందులో ఆర్గ్ అన్న ఆర్గ్యుమెంట్ పేరు పెద్ద అక్షరాల్లో ఎక్కడా లేకపోతే, మాక్రో ఆ మూస పేరాను మీ డాక్‌స్ట్రింగ్‌లోని మొదటి పేరా ముగిసిన వెంటనే చొప్పిస్తుంది. అంటే మీరు ఒక పంక్తి రాసి, ఖాళీ పంక్తి వదిలి, ఆ తరువాత అసలు వివరణ రాస్తే, చదివేవారికి ముందు మీ పంక్తి, దాని వెంట ఆర్గ్యుమెంట్ల గురించిన పెద్ద పేరా, ఆ తరువాతే మీ అసలు వివరణ కనిపిస్తాయి. హెల్ప్ విండో చిన్నదైతే మీ వివరణ తెర కిందికి జారిపోతుంది. దీని నుంచి వచ్చే ఆచరణ సూత్రం స్పష్టం: వాడుకరి తప్పనిసరిగా తెలుసుకోవలసిన దాన్ని మొదటి ఖాళీ పంక్తికి ముందే చెప్పేయాలి.

మన మోడ్‌కు మొదటి పంక్తిని ఇలా రాయవచ్చు: "కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ సంకేతాలను నిలువు గీతగా చూపించు." దాని కిందనే, ఖాళీ పంక్తి వదలకుండా, ఇంకో రెండు వాక్యాలు రాయండి: "ఫైలులోని పాఠం మారదు, తెర మీద కనిపించే తీరు మాత్రమే మారుతుంది. ఒకేలా కనిపిస్తున్న రెండు పదాల్లో ఒకటి వెతికినప్పుడు దొరకకపోతే ఈ మోడ్‌ను ఆన్ చేసి చూడండి." మొదటి వాక్యం ఏం జరుగుతుందో చెబుతుంది, రెండోది వాడుకరి భయాన్ని తీరుస్తుంది, మూడోది ఎప్పుడు వాడాలో చెబుతుంది. ఫైలు మారదన్న వాక్యాన్ని ఏ మూసా తయారుచేయలేదు, కానీ ఆఫీసు కోడ్‌ను మొదటిసారి ముట్టుకుంటున్న వ్యక్తి ఏ మోడ్‌నైనా ఆన్ చేసే ముందు తెలుసుకోవాలనుకునేది సరిగ్గా దాన్నే.

అన్ని బఫర్లలో ఒకేసారి పనిచేసే మోడ్‌ను డిఫైన్-గ్లోబలైజ్డ్-మైనర్-మోడ్‌తో తయారుచేస్తే, దాని వివరణలో, ఫలానా టర్న్-ఆన్ ఫంక్షన్ ఎక్కడ ఆన్ చేస్తుందో ఆ బఫర్లన్నిటిలోనూ ఇది ఆన్ అవుతుందనే అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. యంత్రానికి అంతకు మించి తెలియదు. చదివేవారు ఆ ఫంక్షన్ పేరు మీద నొక్కి వెళ్లి చూస్తారు కాబట్టి ఆ ఫంక్షన్‌కు డాక్‌స్ట్రింగ్ తప్పక ఉండాలి, ఏ రకం బఫర్లలో మోడ్ ఆన్ అవుతుందో, మినీబఫర్ (తెర అడుగున కమాండ్లు టైపు చేసే చోటు) వంటి వేటిలో కాదో అందులో చెప్పాలి. లోపలి పనికి రాసుకున్న సహాయక ఫంక్షనే కదా అని దాన్ని ఖాళీగా వదిలేస్తే, వాడుకరి దారి అక్కడితో ఆగిపోతుంది.

మేజర్ మోడ్‌ల (ఫైలు రకానికి తగిన ప్రధాన ఎడిటింగ్ తీరుల) విషయంలో డిఫైన్-డిరైవ్డ్-మోడ్ కూడా ఇలాగే నడుచుకుంటుంది. డాక్‌స్ట్రింగ్ లేకపోతే, ఇది ఫలానా మోడ్ నుంచి వచ్చిందనీ, దాని లక్షణాలన్నీ దీనికి ఉన్నాయనీ, కీమ్యాప్ (ఏ కీ ఏ కమాండ్‌ను నడుపుతుందనే పట్టిక), అబ్రివియేషన్ టేబుల్, సింటాక్స్ టేబుల్ మాత్రం సొంతమనీ రాస్తుంది. ఇది మోడ్ రాసేవారికి కావలసిన సమాచారం, మోడ్ వాడేవారికి కాదు. డాక్‌స్ట్రింగ్ ఉన్నప్పటికీ అందులో హుక్ పేరు లేకపోతే హుక్ గురించి ఒక వాక్యాన్నీ, కీల ప్రస్తావన లేకపోతే కీమ్యాప్ మొత్తాన్నీ చివర చేరుస్తుంది. మీ మోడ్‌లో వాడుకరికి కావలసినవి నాలుగైదు కీలే అయితే, వాటిని మీరే డాక్‌స్ట్రింగ్‌లో ప్రస్తావించండి. అప్పుడు మొత్తం జాబితా రాదు, ఏవి ముఖ్యమో చదివేవారికి వెంటనే తెలుస్తుంది.

కీల పేర్లను చేత్తో రాయవద్దు

"మూసివేయడానికి క్యూ నొక్కండి" అని డాక్‌స్ట్రింగ్‌లో నేరుగా రాస్తే, క్యూను వేరే పనికి పెట్టుకున్న వాడుకరికి అది తప్పు సమాచారం అవుతుంది. రెండు బ్యాక్‌స్లాష్‌లు పెట్టి చదరపు బ్రాకెట్లలో కమాండ్ పేరు ఇస్తే, అంటే \\[క్విట్-విండో] అన్న తీరులో రాస్తే, చదివే సమయానికి ఆ వాడుకరి దగ్గర ఏ కీ ఉందో ఎడిటర్ చూసి ఆ కీనే చూపిస్తుంది. ఏ కీ లేకపోతే మెటా-ఎక్స్‌తో ఆ కమాండ్ పేరును చూపిస్తుంది. దానికి ముందు కోణపు బ్రాకెట్లలో మీ మోడ్ కీమ్యాప్ పేరు ఇవ్వడం మరిచిపోవద్దు. ఇవ్వకపోతే ఏ బఫర్‌లో ఉండి చదువుతున్నారన్న దాన్ని బట్టి వేరే కీ కనిపించే ప్రమాదం ఉంది. యంత్రానికి తెలిసినదాన్ని యంత్రానికే వదిలివేయడం అంటే సరిగ్గా ఇదే.

సెట్టింగులు, వాటి విలువలు

సెట్టింగుల విషయంలో యంత్రం చెప్పలేని వాటి సంఖ్య ఇంకా పెరుగుతుంది, అందుకే ఇక్కడ ఎక్కువ సమయం పెట్టాలి. ఈమ్యాక్స్‌లో ఒక ఆప్షన్‌కు వెర్షన్ గుర్తు ఇస్తే, ఈ వేరియబుల్ ఫలానా వెర్షన్‌లో ప్రవేశపెట్టబడింది లేదా దాని డీఫాల్ట్ విలువ ఆ వెర్షన్‌లో మారింది అన్న వాక్యం వస్తుంది. రెండింటిలో ఏది జరిగిందో యంత్రానికి తెలియదు, ఎందుకంటే రెండు సందర్భాల్లోనూ గుర్తు ఒకటే. పాత వెర్షన్ నుంచి కొత్తదానికి మారిన రోజున ఎడిటర్ ప్రవర్తన మారిపోయిందని తికమకపడే వాడుకరికి ఆ తేడాయే కావాలి. డీఫాల్ట్ మారిన సందర్భమైతే డాక్‌స్ట్రింగ్‌లోనే, ఇంతకు ముందు విలువ ఏమిటి, పాత ప్రవర్తన కావాలంటే ఏ విలువ పెట్టాలి అన్నది ఒక వాక్యంలో రాయండి.

అవును-కాదు రకం ఆప్షన్లకు, విలువ నిల్ (లిస్ప్‌లో "కాదు") కాకపోతే ఏం జరుగుతుందో చెప్పే వాక్యంతో మొదలుపెట్టడం ఈమ్యాక్స్ ఆచారం. నిల్ అయినప్పుడు ఏం జరుగుతుందో కూడా చెప్పండి. చాలాసార్లు అది మొదటిదానికి సూటిగా వ్యతిరేకం కాదు. మూడు నాలుగు విలువలు ఉన్న ఆప్షన్‌కు, టైప్ నిర్వచనంలో ప్రతి విలువకూ ట్యాగ్ ఇవ్వండి. కస్టమైజ్ పేజీ ఆ ట్యాగులనే మెనూలో చూపిస్తుంది, ట్యాగులు లేకపోతే నిల్, టీ అన్న ముడి విలువలే కనిపిస్తాయి. ట్యాగ్‌లో "ఎప్పుడూ వద్దు", "ప్రతిసారీ అడుగు" వంటి ఫలితం చెప్పే మాటలు పెట్టాలి.

వీఎస్ కోడ్‌లో ఎక్స్‌టెన్షన్ సెట్టింగులన్నీ ప్యాకేజ్ డాట్ జేసన్ ఫైలు నుంచి తయారవుతాయి. సెట్టింగ్ పేరును పెద్ద అక్షరాల దగ్గర విరిచి ఎడిటరే శీర్షికను తయారుచేస్తుంది కాబట్టి, పేరు పెట్టే సమయంలోనే డాక్యుమెంటేషన్ మొదలవుతుంది. మీలో మీకే అర్థమయ్యే పొట్టి పేరు పెడితే అదే శీర్షికై తెర మీదికి వస్తుంది. ఎంపికలు ఉన్న సెట్టింగ్‌కు ఒక్కో ఎంపికకూ విడివిడిగా వివరణ ఇచ్చే వీలుంది. ఎడిటర్‌లోనే ఉన్న వర్డ్ ర్యాప్ సెట్టింగ్ దీనికి మంచి నమూనా: పంక్తులు ఎప్పటికీ విరగవు, కనిపిస్తున్న వెడల్పు దగ్గర విరుగుతాయి, వర్డ్ ర్యాప్ కాలమ్ దగ్గర విరుగుతాయి, రెండింటిలో తక్కువైన దాని దగ్గర విరుగుతాయి అని నాలుగు విలువలకూ నాలుగు వివరణలు ఉన్నాయి. పైగా వాటిలో వర్డ్ ర్యాప్ కాలమ్ అన్నది ఆ సెట్టింగ్‌కు లింకుగా పనిచేస్తుంది. మార్క్‌డౌన్ వివరణలో సెట్టింగ్ పేరుకు రెండు వైపులా హ్యాష్ గుర్తులు పెట్టి బ్యాక్‌టిక్‌లలో ఉంచితే ఆ లింకు వస్తుంది. ఒకదాని మీద ఒకటి ఆధారపడిన సెట్టింగులు ఉన్న చోట దీన్ని తప్పక వాడండి. మొదటి సెట్టింగ్ ఆఫ్‌లో ఉంటే రెండోది పనిచేయదన్న మాట ఎక్కడా రాయకపోవడం వల్ల వచ్చే ప్రశ్నలు ఏ బృందంలోనైనా తరచుగా వినిపిస్తాయి.

పాత సెట్టింగ్‌ను వదిలేస్తున్నప్పుడు వివరణను చెరిపివేయకుండా, డిప్రికేషన్ సందేశంలో దాని బదులు ఏది వాడాలో పేరుతో సహా రాయండి.

అక్షరం, కుడి, ముందు

మూస వాక్యాల్లోని కొన్ని మాటలు ఇంగ్లీషు పాఠాన్ని మాత్రమే ఊహించుకుని రాసినవి, అవి హైదరాబాదు వాడుకరి దగ్గరికి వచ్చేసరికి అస్పష్టమవుతాయి. "ఒక అక్షరాన్ని తొలగిస్తుంది" అన్న వాక్యాన్ని తీసుకోండి. "క్షీ" చదివేవారికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో అది క, పొల్లు, ష, దీర్ఘం అనే నాలుగు సంకేతాల వరుస. ఈమ్యాక్స్ 29 నుంచి డిలీట్ కీ నడిపే కమాండ్ కర్సర్ తరువాత ఉన్న అక్షర సముదాయాన్ని మొత్తంగా తొలగిస్తుంది, బ్యాక్‌స్పేస్ మాత్రం వెనుక నుంచి ఒక్కో సంకేతాన్నే తీస్తుంది. గుణింతపు గుర్తును మాత్రం తప్పుగా కొట్టినవారికి ఈ రెండో తీరు ఎంతో సౌకర్యం. కానీ రెండింటి వివరణలోనూ ఒక అక్షరం అని మాత్రమే ఉంటే ఆ సౌకర్యం ఉందని ఎవరికీ తెలియదు. మీ ప్లగిన్‌లో లెక్కించే, తొలగించే, కర్సర్‌ను జరిపే ప్రతి కమాండ్ వివరణలోనూ అది సంకేతాలను లెక్కిస్తుందా, కంటికి కనిపించే అక్షరాలను లెక్కిస్తుందా అన్నది రాయండి. ఏది నిజమో తేల్చుకోవడానికి "క్షీ" మీద కమాండ్‌ను నడిపి చూస్తే చాలు.

దిశల విషయం ఇంతకంటే సున్నితమైనది. ఈ నగరంలో ఒకే కంప్యూటర్ మీద తెలుగూ ఉర్దూ టైపు చేసే ఆఫీసులు ఉన్నాయి. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి, పాఠంలో "ముందుకు" వెళ్లడం తెర మీద ఎడమకు జరగడం అవుతుంది. ఈమ్యాక్స్ 24 నుంచి రెండు దిశల పాఠానికీ మద్దతు ఉంది. అందులో రైట్-చార్ కమాండ్ డాక్‌స్ట్రింగ్ ఆదర్శప్రాయంగా ఉంటుంది. కర్సర్‌ను కుడికి జరుపుతుందని మొదటే చెప్పి, పాఠం దిశను బట్టి అది బఫర్‌లో ముందుకైనా వెనక్కైనా కావచ్చునని వివరించి, దీనికి భిన్నంగా ప్రవర్తించే ఫార్వర్డ్-చార్, బ్యాక్‌వర్డ్-చార్ కమాండ్లను చూడమంటుంది. పోలికగా కనిపించి తికమకపెట్టే పొరుగు కమాండ్ పేరును చెప్పి, తేడాను ఒక్క వాక్యంలో తేల్చడం ఏ యంత్రమూ చేయలేని పని. నాకు తెలిసినంతలో డాక్యుమెంటేషన్‌లో అత్యంత విలువైన వాక్యాలు ఈ కోవకు చెందినవే.

దిద్దవలసింది ఫలితాన్ని కాదు, మూలాన్ని

నియోవిమ్‌లో ఏపీఐ హెల్ప్ ఫైళ్లు సోర్స్ కోడ్‌లోని వ్యాఖ్యల నుంచి తయారవుతాయి. హెల్ప్ ఫైలులో మీరు ఎంత చక్కగా దిద్దినా, తరువాత ఎవరో మేక్ డాక్ నడిపిన క్షణంలో ఆ దిద్దుబాటు మాయమవుతుంది. కాబట్టి ఏ ఫైలునైనా ముట్టుకునే ముందు అది చేత్తో రాసినదా, తయారైనదా అన్నది తేల్చుకోండి. తయారైనదైతే సోర్స్‌లోని వ్యాఖ్యను దిద్ది, తిరిగి తయారుచేసి, రెండింటినీ ఒకే కమిట్‌లో పంపండి. విమ్ ప్లగిన్లలో హెల్ప్ ఫైలు మామూలుగా చేత్తో రాసినదే ఉంటుంది. అక్కడ నక్షత్రపు గుర్తుల మధ్య ట్యాగులు, నిలువు గీతల మధ్య లింకులు సరిగా పెట్టి, హెల్ప్‌ట్యాగ్స్ కమాండ్ నడపాలి.

కొన్నిసార్లు లోపం మూసలోనే ఉంటుంది. అప్పుడు మాక్రోను దిద్దితే ఆ మాక్రో వాడే మోడ్‌లన్నిటి వివరణా ఒకేసారి మెరుగుపడుతుంది, కానీ మీరు చేర్చే వాక్యం ఆ మోడ్‌లన్నిటికీ నిజం కావాలి. అలా కుదరనప్పుడు, కోడ్‌కు తెలిసిన తేడాను బట్టి వాక్యం మారేలా మూస రాయాలి. ఈమ్యాక్స్ మైనర్ మోడ్ మూస ఈ పని చేస్తుంది. గ్లోబల్ మోడ్ అయితే, ఇది గ్లోబల్ మైనర్ మోడ్ అని చెబుతుంది, ఆన్‌లో ఉందో లేదో చూసుకోవడానికి రాయవలసిన లిస్ప్ మాటను కూడా దానికి తగ్గట్టు మారుస్తుంది. మీ బృందానికి సొంత మాక్రోలు ఉంటే ఈ పద్ధతినే పాటించండి. అందరికీ సరిపోవాలని నీరుగార్చిన వాక్యం ఎవరికీ సరిపోదు.

కోడ్‌ను చదివి వివరణలు రాసే ఏఐ సాధనాలు ఇప్పుడు చాలా బృందాల్లో ఉన్నాయి. వాటి పాఠం మూస వాక్యాల కంటే సాఫీగా ఉంటుంది, పైగా కోడ్‌లో లేని "ఎందుకు"ను కూడా పూరించేస్తుంది. ఆ "ఎందుకు" దగ్గరే ఆగి పరీక్షించండి. డీఫాల్ట్ విలువను మార్చి నడిపి చూడకుండా, ఆ ఫీచర్ రాసినవారిని అడగకుండా అటువంటి వాక్యాన్ని డాక్‌స్ట్రింగ్‌లోకి రానివ్వవద్దు.

సరిచూసుకోవడం

ఈమ్యాక్స్‌లో చెక్‌డాక్ కమాండ్ డాక్‌స్ట్రింగ్‌ల రూపాన్ని తనిఖీ చేస్తుంది: మొదటి పంక్తి పూర్తి వాక్యమా, ఆర్గ్యుమెంట్లన్నీ పెద్ద అక్షరాల్లో ప్రస్తావించబడ్డాయా వంటివి చూస్తుంది. ఈమ్యాక్స్ 28 నుంచి బైట్ కంపైలర్ కూడా 80 నిలువు వరుసలు దాటిన డాక్‌స్ట్రింగ్ పంక్తుల గురించి హెచ్చరిస్తుంది. ఈ హెచ్చరికలన్నీ తీర్చిన డాక్‌స్ట్రింగ్ కూడా అర్థం లేనిదిగా ఉండవచ్చు, అందుకే వీటిని ముందే ముగించి అసలు పరీక్షకు వెళ్లాలి.

అసలు పరీక్షకు ఆ ఫీచర్ ఎప్పుడూ చూడని సహోద్యోగి ఒకరు కావాలి. వారి తెర మీద హెల్ప్ విండో మాత్రమే తెరిచి, "ఈ మోడ్ ఆన్ చేస్తే ఏం జరుగుతుందనుకుంటున్నారు? ఫైలు మారుతుందా? తిరిగి ఆఫ్ చేయాలంటే ఏం చేస్తారు?" అని అడగండి. జవాబు కోసం వారి కళ్లు ఏ పేరా మీద తిరుగుతున్నాయో గమనించండి, మధ్యలో వివరించబోకండి. మీరు నోటితో చెప్పాలనుకుని ఆపుకున్న వాక్యం ఏదో అదే డాక్‌స్ట్రింగ్‌లో లేని వాక్యం. దాన్ని అప్పుడే కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే మీ నోటికి వచ్చిన మాట తరువాత ఆలోచించి రాసేదాని కంటే సూటిగా ఉంటుంది.

దిద్దుబాటు ఈమ్యాక్స్ లోపలి ఫీచర్‌కు సంబంధించినదైతే రిపోర్ట్-ఈమ్యాక్స్-బగ్ కమాండ్ ద్వారా ప్యాచ్‌ను జతచేసి పంపవచ్చు. సుమారు 15 పంక్తుల లోపు మార్పులకు కాపీరైట్ బదిలీ పత్రాలు అవసరం లేదు, చాలా డాక్‌స్ట్రింగ్ దిద్దుబాట్లు ఆ పరిమితిలోనే ఇమిడిపోతాయి. ప్యాచ్‌తో పాటు పాత పాఠం చదివి వాడుకరి ఏమని పొరబడ్డారో రెండు వాక్యాల్లో రాయండి. ఏ వాక్యాన్ని ఎందుకు మార్చారో దాన్ని బట్టే సమీక్షకులు నిర్ణయిస్తారు. ప్యాచ్ విలీనమైన తరువాత కొత్త బిల్డ్ వేసుకుని, కంట్రోల్-హెచ్ ఎఫ్ నొక్కి, మూస పేరా మీ వాక్యాల కిందికే వచ్చిందో లేదో చూసుకోండి.